వేళచ్చేరి దీవి మీద కూడా పరిశోధన చేయండి

అండమాన్ లాంటి ఉష్ణమండల దీవుల మీద శాస్త్రీయ, సామాజిక పరిశోధనలు జరుగుతుంటాయి కదా. నాలుగు వైపులా నీళ్లున్న భూమిని దీవి అంటారని చిన్నప్పుడు చదువుకున్నాం. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను ధర్మమా అని చెన్నై వేళచ్చేరిలోని మా అపార్ట్‌మెంటుకి ఆ హోదా దక్కింది. (ఆ తుపాను మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటి మా అత్తగారి వాళ్లను కూడా పలకరించింది. బంధుత్వం తెలిసిన తుపాను.) ఇక మేం ఉష్ణమండలంలో ఉన్నామనడానికి మే నెల కరెంటు బిల్లే సాక్ష్యం. అర్హతలన్నీ ఉన్నాయి కాబట్టి మా మీద కూడా శాస్త్రీయ, సామాజిక పరిశోధన జరగాలని డిమాండ్ చేస్తున్నాను. ఎంతసేపూ అండమాన్ వాళ్లేనా?

పద్ధతులు కొత్తగా కనిపెట్టక్కర్లేదు, అక్కడ వాడినవే చాలు. బయటివాళ్లను దగ్గరికి రానివ్వని తెగ ఉండే అండమాన్‌లోని ఉత్తర సెంటినల్ దీవి జనాభా 2001 లెక్కల్లో 39, 2011 లెక్కల్లో 15. ఎవరూ ఒడ్డున కాలు పెట్టలేదు, ఏ గుడిసె ముందూ నిలబడి "ఇంట్లో ఎంతమందండీ" అని అడగలేదు. దూరం నుంచి చూసి, కనబడిన వాళ్లను లెక్కేసుకున్నారు. వాళ్ల జోలికి వెళ్లకపోవడమే న్యాయం, అందులో నాకు తకరారు లేదు. కానీ ఆ 15 మాత్రం మన వార్డు జనాభాలాగే దర్జాగా పట్టికలోకెక్కి కూర్చుంది.

మా దగ్గరా అదే జరిగింది. రెండోరోజు పొద్దున పడవలో ఒకాయన వచ్చి, గేటు దగ్గరే ఆగి తల పైకెత్తాడు. మా బాల్కనీలో ఆ క్షణాన నలుగురం ఉన్నాం. నాలుగు అని రాసుకున్నాడు. బామ్మ పూజలో ఉంది, నెల్లూరు బాబాయ్ బాత్రూంలో ఉన్నాడు, పిల్లలు పడుకునే ఉన్నారు. "లోపల ఇంకో ఐదుగురున్నాం సార్" అని నాకొచ్చిన తమిళంలో అరిచాను. అప్పటికే పడవ తిరిగింది. తొమ్మిది మందికి నాలుగు పాల ప్యాకెట్లు. "మనం సగం అంతరించిపోయామన్నమాట" అన్నాడు బాబాయ్, డికాషన్ తాగుతూ.

కానుకల శాఖలో మాత్రం మేం సెంటినలీయుల కాలిగోటికి సరిపోం. 1974లో డాక్యుమెంటరీ తీద్దామని వెళ్లిన బృందం ఒడ్డున గిన్నెలు, కొబ్బరికాయలు, ఒక బతికున్న పంది, ఒక బొమ్మ పెట్టింది. వాళ్లు దర్శకుడి తొడలో బాణం దింపి, పందినీ బొమ్మనూ పొడిచి ఇసుకలో పాతిపెట్టి, గిన్నెలూ కొబ్బరికాయలూ పట్టుకుపోయారు. ఏం కావాలో ఏం అక్కర్లేదో అంత స్పష్టంగా చెప్పిన జాతి ఇంకోటి లేదు. గృహప్రవేశంలో వచ్చిన వినాయకుడి గడియారాన్ని మనం ఏం చేస్తాం? రంగు కాగితం మార్చి ఇంకొకరి గృహప్రవేశానికి తీసుకెళ్తాం. పాతిపెట్టే ధైర్యం మనకేదీ?

1906లో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర, మానవ సమాజాల మీద పరిశోధన చేసే ఆయన, అండమాన్ దీవులకు వెళ్లాడు. చాలాకాలం తర్వాత కలుసుకున్న బంధువులు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారని గమనించి, అది ఒక ఆచారమని సిద్ధాంతం చేశాడు. పాపం, అంత దూరం ఓడెక్కాడు. దారిలో మద్రాసు సెంట్రల్లో దిగి, మా వాళ్ల పెళ్లికొచ్చిన మేనత్తలు ఎదురుపడే వేళకి ప్లాట్‌ఫారం మీద నిలబడినా సరిపోయేది.

ఇక శాస్త్రం. 2004 డిసెంబరు 26న సునామీకి ముందు సముద్రం వెనక్కి వెళ్లడం చూసి, అండమాన్‌లోని ఓంగే తెగవాళ్లు మెరకకు వెళ్లి బతికారు. వాళ్లకు పెద్దలు చెప్పిన సంగతది. మా ఓంగే మా వాచ్‌మన్. ఆదివారం సాయంత్రం గేటు పక్క మురుగుకాలువ మూతలోంచి నీళ్లు బుడగలతో పైకి తన్నడం చూశాడు. ఏమీ మాట్లాడకుండా సైకిల్ భుజాన వేసుకుని రెండో అంతస్తులో పెట్టి వచ్చాడు. ఫోన్లో మూడు వెదర్ యాప్‌లున్న మూడో ఫ్లోర్ కుర్రాడు అది చూసి నవ్వాడు. పొద్దున అతని కారు కప్పు మీద కప్ప కూర్చుని ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లు ఆ కప్పను ఏ కోణంలో ఫొటో తీయాలో కూడా చెప్పారట.

పరిశోధన చేశాక నిర్ణయం ఎలా తీసుకోవాలన్నది అండమాన్‌కి దక్షిణాన ఉన్న గ్రేట్ నికోబార్ దీవి నుంచి నేర్చుకోవాలి. ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కోసం అక్కడ 130.75 చదరపు కిలోమీటర్ల అడవి ఇవ్వాలి. 2004 భూకంపంలో ఆ దీవి దక్షిణ కొస నాలుగు మీటర్లకు పైగా కిందికి దిగిపోయిన మాట వాస్తవమే, అయితే ఫైళ్లు ఎత్తయిన చోటే ఉంటాయి. కొట్టేసే చెట్లు 2023లో ప్రభుత్వం చెప్పిన లెక్కలోనే 9 లక్షలు దాటాయి. బదులుగా మొక్కలు నాటడానికి చూపించిన చోటు హర్యానా. పగడాలను మాత్రం తీసుకెళ్లి సముద్రంలోనే వేరేచోట పెడతారట. వాటిని కూడా హర్యానా పంపనందుకు సంతోషించాలి. ఆ దీవిలోని గలాథియా తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే పెద్ద తాబేళ్లకు ఈ మార్పులు ఎవరు తెలియజేస్తారో ఆలోచించాల్సిన విషయమే.

మా సెక్రటరీ గారు ఈ విధానాన్ని ఎప్పుడో అందిపుచ్చుకున్నారు. పార్కింగ్ చాలడంలేదని మొన్న వేపచెట్టు కొట్టించారు. జనరల్ బాడీలో నేను లేచి అడిగితే, "కంగారు పడకండి సార్, బదులుగా పది మొక్కలు నాటించాం" అన్నారు. ఎక్కడండీ అంటే, తిరుత్తణి దగ్గర వాళ్ల బావమరిది స్థలంలోనట. ఫొటో గ్రూపులో పెట్టారు. ఇరవై ముగ్గురు బొటనవేలు పైకెత్తారు, వాళ్లలో మా ఆవిడ కూడా ఉంది.

ఆ చెట్టు మీద ఉండే కాకులు గ్రూపులో లేవు. రోజూ సాయంత్రం వచ్చి, చెట్టుండే చోట గాల్లో రెండు చుట్లు తిరిగి, మా ఏసీ డబ్బా మీద వాలుతున్నాయి. నిన్న లెక్కేశాను, దూరం నుంచే. పదిహేను.