“ఏం ఆడుతున్నావు?” అని అడుగుదాం

కనుమ నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, గుంటూరు బ్రాడీపేటలో మా పుట్టింటి మేడ మీద చాప వేసుకుని నలుగురు పిల్లలు చేరారు. పిల్లలంటే మరీ పిల్లలేం కాదు. మా చిన్నన్నయ్య కూతురు విజయవాడలో ఉద్యోగం చేస్తోంది. దాని తమ్ముడు బీటెక్ మూడో ఏడు. మా తమ్ముడి కొడుకు ఇంటర్ రెండో ఏడు, హాస్టల్లో ఉంటాడు. వాడి చెల్లెలు ఎనిమిదో తరగతి. ఏడాదికి ఒకటి రెండుసార్లే కలుస్తారు కాబట్టి మొదట్లో మాట పెగల్లేదు. “ఎగ్జామ్స్ ఎప్పుడు?”, “బాగా చదువుతున్నావా?” దగ్గరే ఆగిపోయారు. ఇంతలో బీటెక్ వాడు అడిగాడు: “ఇప్పుడేం ఆడుతున్నార్రా?”

ఇక పొద్దుగూకేదాకా ఎవ్వరూ మేడ దిగలేదు.

వాడే మొదలుపెట్టాడు. హాలో నైట్: సిల్క్‌సాంగ్ ఆడుతున్నాడు. ఆస్ట్రేలియాలో ఒక చిన్న బృందం చేసిన వీడియో గేమ్ అది. 2019లో ప్రకటించి 2025 సెప్టెంబరులో విడుదల చేశారు. ఆరేళ్ళకు పైగా ఎదురుచూసిన జనం ఒక్కసారిగా ఎగబడేసరికి అమ్మే వెబ్‌సైట్లే కాసేపు ఆగిపోయాయి. అందులో లాస్ట్ జడ్జ్ అనే బాస్, అంటే ఓడిస్తే గానీ ముందుకు పోనివ్వని పెద్ద శత్రువు, దగ్గర వీడు నాలుగు రోజులుగా ఇరుక్కుపోయాడు. “చచ్చిన ప్రతిసారీ ఎక్కడో వెనక బెంచీ దగ్గర లేస్తాం. అక్కణ్ణుంచి మళ్ళీ ఎగురుకుంటూ దూకుకుంటూ రావాలి. కొట్లాట నిమిషం, నడక రెండు నిమిషాలు” అంటూ చాప మీద వేలితో దారి గీసి చూపించాడు. పక్కనుంచి వాళ్ళక్క “ముందు సంగతి చెప్పకు, నేను కొందామనుకుంటున్నా” అని వాడి నోరు మూసింది.

ఇంటర్ వాడు కాస్త మొహమాటపడి బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అన్నాడు. పబ్‌జీని 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం నిషేధించాక, 2021లో మన దేశం కోసం విడిగా తెచ్చిన ఆట. అది కూడా 2022 జూలైలో స్టోర్లలోంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. వస్తూ వస్తూ 18 ఏళ్ళలోపు వాళ్ళకి రోజుకి 3 గంటలే అని హద్దు కూడా తెచ్చింది. వీడికి ఆ హద్దుతో పనే లేదు, హాస్టల్లో ఫోనే ఉండదు. సెలవులకి ఇంటికొస్తేనే ఆట. పదో తరగతి దాకా కలిసి చదివిన నలుగురిలో ఒకడు విజయవాడలో, ఒకడు హైదరాబాదులో, ఒకడు ఒంగోల్లో ఉన్నారు. సెలవులిచ్చిన రోజు రాత్రి నలుగురూ ఒకే స్క్వాడ్‌గా, అంటే ఒకే జట్టుగా, ఆటలోని పొచింకి అనే ఊళ్ళో దిగుతారట. “అక్కడ లూట్ బాగుంటుందా?” అని అడిగాను, లూట్ అంటే ఏరుకునే తుపాకులూ సామానూ. “లూట్ కోసం కాదత్తా. అక్కడ దిగితే తొందరగా చచ్చిపోతాం. చచ్చిపోయాక మాట్లాడుకోవచ్చు” అన్నాడు.

ఆ మాట నేనింకా మర్చిపోలేదు. గెలవడానికి కాకుండా, ఓడిపోయి కబుర్లు చెప్పుకోవడానికి ఆడే పిల్లల్ని మనం వ్యసనపరులంటున్నాం.

ఎనిమిదో తరగతి పిల్ల మైన్‌క్రాఫ్ట్‌లో, అంటే దిమ్మెలు పేర్చుకుంటూ తవ్వుకుంటూ ఆడే ఆటలో, ఉండవల్లి గుహలు చేస్తోంది. ప్రకాశం బ్యారేజీ దాటి బడి వాళ్ళు తీసుకెళ్ళిన రోజు నుంచీ అదే పని. అసలు గుహల్లాగే నాలుగు అంతస్తులు. ఎన్ని రాళ్ళు పేర్చావని అడిగితే నా తెలివితక్కువతనానికి జాలిపడ్డట్టు చూసింది. “కట్టట్లేదత్తా, తొలుస్తున్నా. ఎడారిలో ఇసుకరాయి కొండ దొరికేదాకా వెతికా. వాళ్ళూ కొండనే తొలిచారు కదా!” అంది. నిజమే, ఉండవల్లి గుహలు ఇసుకరాయి కొండని తొలిచి చేసినవే. ఆ సంగతి నాకు పుస్తకంలో చదివి తెలుసు. దానికి చేతులతో తెలిసింది.

ఇక విజయవాడ పిల్ల. అది ఆడేది స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే అతను బొమ్మలు, పాటలు, కథ, ప్రోగ్రామింగ్ అన్నీ ఒక్కడే నాలుగేళ్ళకు పైగా చేసుకుని 2016లో విడుదల చేసిన ఆట. తాతయ్య పోయేముందు ఇచ్చిన ఉత్తరం ఒకటి ఉంటుంది. ఆఫీసులో ఇక ఉండలేననిపించిన రోజు దాన్ని విప్పితే, ఊళ్ళో పొలం నీకు రాసిచ్చానని ఉంటుంది. అక్కణ్ణుంచి సేద్యం. నాలుగు రుతువులు, ఒక్కోటి 28 రోజులు.

మా పెద్దన్నయ్య అప్పటిదాకా ఓ మూల కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. నలభై ఏళ్ళుగా మిర్చి పండిస్తున్న మనిషి. ‘పొలం’ అన్న మాట వినగానే కళ్ళు తెరిచాడు.

“ఏం వేశావే?”

“ఇప్పుడు ఎండాకాలం పెద్దనాన్నా. మిర్చి వేశా.”

“ఎండాకాలం మిర్చేంటి?” అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “కాపు ఎన్నాళ్ళకి?”

“అయిదు రోజులకి మొదటి కోత. తర్వాత మూడేసి రోజులకి ఒకటి. ఒకటో తారీకునే వేసుకుంటే నెలలో ఎనిమిది కోతలొస్తాయి.”

“ఎనిమిదా!” మా అన్నయ్య చేతులు చాపాడు. “మనకి ఆగస్టు, సెప్టెంబరులో నాటితే సంక్రాంతి దాటాక కోత. మూడు కోతలొస్తే దణ్ణం పెట్టుకుంటాం. మరి తామర పురుగు?”

“పురుగు లేదు. కాకులొస్తాయి. దిష్టిబొమ్మ పెట్టాలి.”

“కూలీలు?”

“నేనే కొయ్యాలి. సాయంత్రానికి ఒంట్లో సత్తువ అయిపోతుంది. మరీ ఎక్కువ చేస్తే పొలంలోనే పడిపోతాం.”

మా అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత 2021లో నల్ల తామర పురుగు కమ్మి, పూత పూతంతా రాలిపోయి, తోటలు దున్నేసిన సంగతి ఎత్తాడు. పూవు విప్పి చూస్తే నల్లగా చీమల్లాంటివి కదిలేవట. ఏ మందుకీ లొంగలేదట. ఎంత అప్పయిందో, ఎవరి దగ్గర తెచ్చాడో, వదినకి ఎన్నాళ్ళకి చెప్పాడో అన్నీ చెప్పాడు. ఇవేవీ నాకు తెలియవు. డల్లాస్ నుంచి ప్రతి వారం ఫోన్ చేస్తాను. “పంటెలా ఉందన్నయ్యా?” అంటే “పర్లేదమ్మా” అనేవాడు. ఆ అప్పు కథ ఆ పిల్ల ఆట వల్ల బయటికొచ్చింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మధ్యాహ్నమే. ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘాల్లో వీడియో గేముల మాట వచ్చిందంటే ఫిర్యాదే. సభల్లో పిల్లల గురించి చర్చ పెడితే ఎన్ని గంటలు, కళ్ళజోడు నంబరెంత, మార్కులెన్ని తగ్గాయి అనే తప్ప, వాడు ఆడే ఆట పేరేంటని అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. పుస్తకం పట్టుకున్న పిల్లని ఏం చదువుతున్నావని అడుగుతాం. సినిమాకెళ్ళొస్తే ఎలా ఉందంటాం. ఆట దగ్గరికొచ్చేసరికి మాత్రం “ఇంక ఆపు” అన్న ఒక్క మాటే ఉంది మన దగ్గర.

నా చిన్నప్పుడు ఇలా లేదు. నేను ఆరో తరగతిలో ఉండగా మా నాన్నగారు విజయవాడ బీసెంట్ రోడ్డులో టీవీ గేమ్ కొనుక్కొచ్చారు. క్యాసెట్ తీసి ఊది మళ్ళీ పెడితే గానీ పనిచేసేది కాదు. అందులో సూపర్ మారియో ఉండేది. ఎనిమిది లోకాలు, ఒక్కోదానికి నాలుగు మెట్లు, మొత్తం 32. “ఎంతదాకా వచ్చావు?” అన్నది మా వీధిలో రోజూ నడిచే ప్రశ్న. ఒకటో లోకం రెండో మెట్టులో చివరికొచ్చాక పైకప్పు మీదికెక్కి నడిస్తే మూడు గొట్టాలుంటాయి, దూరితే ఏకంగా నాలుగో లోకానికి పోవచ్చు. ఈ రహస్యం మా ఇంట్లో నాకెవరు చెప్పారో తెలుసా? కూరగాయలకొచ్చిన మా పిన్ని. వాళ్ళబ్బాయి ఆడుతుంటే చూసిందట. పుస్తకం లేదు, ఇంటర్నెట్ లేదు. 1985లో జపాన్‌లో దాచిన ఆ గొట్టాల సంగతి నోటికీ నోటికీ పాకి బ్రాడీపేట సందుల్లోకొచ్చింది. ఆటంటే పెద్దవాళ్ళకీ తెలిసిన విషయంగా ఉండేది, ఎందుకంటే టీవీ హాల్లో ఉండేది.

ఇప్పుడది జేబులోకి వెళ్ళిపోయింది. చూపించుకునే అవకాశం పోయింది కాబట్టి చెప్పుకోవడం ఇంకా ముఖ్యం.

ఇక్కడే ఒక బాధాకరమైన సంగతి చెప్పాలి. మాకు బాగా దగ్గరి బంధువు ఒకాయన 2020 లాక్‌డౌన్‌లో ఫోన్లో డబ్బు పెట్టి పేకాట ఆడటం మొదలుపెట్టాడు. మూడు లక్షలకు పైగా పోయాక బ్యాంకు మెసేజ్ చూసి వాళ్ళావిడకి తెలిసింది. వెనక్కి తిరిగి చూసుకుంటే ఒక్క గుర్తు మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎవరొచ్చినా ఆయన ఫోన్‌ని బోర్లా పెట్టేవాడు. ఏం ఆడుతున్నావని మాలో ఒక్కరం అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేవాడేమో. కానీ ఆ అబద్ధమైనా మాకు తెలిసొచ్చేది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పేకాటని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసి, ఈ-స్పోర్ట్స్‌నీ (పోటీలుగా ఆడే వీడియో గేములు) మామూలు ఆటలనీ వేరుగా పెట్టింది. చట్టానికి కనిపించిన తేడా మన ఇళ్ళలో మనకి కనిపించట్లేదు. మనకి రెండూ ‘ఆ దిక్కుమాలిన ఫోను ఆటలే’. పిల్ల తొలిచే గుహనీ, ఆ బంధువు పోగొట్టుకున్న మూడు లక్షలనీ ఒకే తిట్టుతో తిడితే, పిల్లలు నేర్చుకునేది ఫోన్ బోర్లా పెట్టడమే. చెప్పుకోవడానికి సిగ్గుపడని ఆట గురించి నాకు భయం లేదు. నా భయమంతా చెప్పని ఆట గురించే.

అలాగని రాత్రి రెండింటిదాకా ఆడనిమ్మని అనట్లేదు. మా అబ్బాయి దగ్గర నేనూ పరీక్షల ముందు కంట్రోలర్ తీసి బీరువాలో పెట్టినదాన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని జబ్బుగా గుర్తించింది కూడా. ఆడటం తన అదుపులో లేకపోవడం, మిగతా జీవితమంతా వెనక్కి పోవడం, అది మామూలుగా 12 నెలలపాటు కనబడటం దానికి లక్షణాలు. అదుపు తప్పిందో లేదో తెలియాలన్నా, ముందు వాడు ఏం ఆడుతున్నాడో, ఎందుకు ఆడుతున్నాడో మనకి తెలిసుండాలి కదా.

మన తెలుగు బడిలో నేను రెండేళ్ళుగా ఆదివారాలు పాఠం చెబుతున్నాను. ‘నాకు నచ్చిన పండుగ’ అంటే తొమ్మిదేళ్ళ బాబు ఒకడు మూడు వాక్యాలు చెప్పి నేల చూస్తాడు. ఊరి నుంచి వచ్చాక ఓ వారం “నువ్వేం ఆడుతున్నావో చెప్పు నాన్నా, తెలుగులోనే” అన్నాను. లేచి నిలబడి మైన్‌క్రాఫ్ట్ గురించి మొదలుపెట్టాడు. “క్రీపర్ అని ఉంటుంది టీచర్. పచ్చగా ఉంటుంది. చేతులుండవు. వెనకాల్నుంచి చప్పుడు చెయ్యకుండా వస్తుంది. దగ్గరికొచ్చాక బుస్సుమంటుంది. అప్పుడు పరిగెత్తాలి, లేకపోతే పేలిపోద్ది, ఇల్లు మొత్తం పోద్ది!” వాళ్ళమ్మమ్మది తెనాలి. ఆ ‘పోద్ది’ ఆవిడ దగ్గర్నుంచే వచ్చిందని వినగానే తెలిసింది. అడగదగ్గ మాట అడిగేసరికి, అన్నాళ్ళూ లోపలున్న తెలుగు బయటికొచ్చింది. లావా మీద నీళ్ళు పోస్తే నల్లరాయి ఎలా అవుతుందో కూడా చెప్పాడు. ‘గడ్డకట్టుద్ది’ అన్నాడు. ఆ మాట నేను నేర్పలేదు.

అందుకే సంఘం వాళ్ళని ఒకటి అడుగుతున్నాను. ఈసారి ఉగాది సంబరాల్లో పిల్లల కోసం ఒక గంట ఇవ్వండి. పోటీ వద్దు, బహుమతులు వద్దు, నిపుణుల ప్రసంగం అసలే వద్దు. ఎవరు ఏం ఆడుతున్నారో తెలుగులో చెప్పనివ్వండి. పెద్దలు కూడా చెప్పాలి. ఫోన్లో క్యాండీ క్రష్ వేల లెవెళ్ళు దాటిన అత్తయ్యలూ, లాప్‌టాప్‌లో చదరంగం ఆడే తాతయ్యలూ మనలో చాలామంది ఉన్నారు. ఆ రోజు మేడ మీద నాకూ వంతు వచ్చింది. “మీ మామయ్యా నేనూ ఇట్ టేక్స్ టూ ఆడుతున్నాం” అన్నాను. ఇద్దరుంటే తప్ప ఆడలేని ఆట అది. ఒకచోట ఆయన మేకులు విసురుతారు, ఆ మేకుకి నా సుత్తి తగిలించి నేను ఊగి అవతలికి దూకాలి. “మామయ్య టైముకి విసురుతాడా?” అన్నాడు బీటెక్ వాడు. నలుగురూ మా కాపురం గురించి అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి.

వాళ్ళు చెప్పాక ఇంకో ప్రశ్న వెయ్యండి, చాలు. మా అన్నయ్య వేసినట్టు, మీకు తెలిసిన పనిలోంచి, మీ అనుభవంలోంచి.

మొన్న ఆదివారం ఉదయం గుంటూరులో ఎనిమిదింటికి, అంటే మాకు శనివారం రాత్రి, అన్నయ్య ఫోన్‌లోకొచ్చాడు. కల్లంలో కాయ ఎండుతోందని చెప్పి, వెంటనే పిల్ల పొలం సంగతి ఎత్తాడు. ఆటలో ఎండాకాలం అయిపోయిందట. రుతువు మారిన పొద్దున్నే మిర్చి మొక్కలన్నీ ఒక్కసారిగా ఎండి నిలబడ్డాయట. అది ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తే, “నేల ఖాళీగా ఉంచకు, ఏదో ఒకటి వెయ్యి” అని చెప్పాడట. గుమ్మడి వేసింది. 13 రోజుల పంట.