మధ్య మెట్టు ఏదండీ?

కిందటి డిసెంబర్లో విజయనగరం వెళ్ళినప్పుడు నేను టైపు నేర్చుకున్న మేడ ఎక్కి చూశాను. అక్షరాలు చూడకుండా కొట్టాలని మాస్టారు మా చేతుల మీద తువ్వాలు కప్పేవారు, ‘ఎ ఎస్ డి ఎఫ్’ వేళ్ళకి పట్టేదాకా తీసేవారు కాదు. టైపు లోయర్ పరీక్ష ప్యాసైతే కోర్టులోనో మిల్లు ఆఫీసులోనో గుమాస్తా ఉద్యోగం, దాంతోపాటే పెళ్ళి సంబంధం. ఇప్పుడక్కడ కొరియర్ డబ్బాలు పేర్చున్నాయి.

మా బావ జూట్‌మిల్లులో లూమ్ మీద పనిచేశాడు. లాకౌట్ పడినప్పుడల్లా ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారని చూసి చూసి, పీఎఫ్ కోసం తిరిగి తిరిగి, ఆఖరికి హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్‌గా వెళ్ళాడు. అతను గేటు తీసేది సాఫ్ట్‌వేర్ వాళ్ళ కార్లకి. అంటే మనలాంటి వాళ్ళకే.

2003లో ఆటర్, లెవీ, మర్నేన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికా ఉద్యోగాల్ని చూసి, రోజూ ఒకే పద్ధతిలో చేసే పనిని కంప్యూటర్‌కి అప్పజెప్పడం తేలికన్నారు. అలాంటి పని ఎక్కువుండేది గుమాస్తాగిరీలో, ఫ్యాక్టరీల్లో. పైన బుర్రపని, కింద ఊడ్చే పనీ కాపలా మిగిలి, మధ్య మెట్టు కరుగుతుంది. మన జూట్‌మిల్లుని దెబ్బకొట్టింది మాత్రం కంప్యూటర్ కాదు, ప్లాస్టిక్ సంచి. ధాన్యానికీ పంచదారకీ గోనెసంచులే వాడాలని 1987లో చట్టమే తేవాల్సొచ్చింది.

మధ్య మెట్టు లేకపోతే మనవాళ్ళకి మిగిలేది వలస, లేదా పొలం. దేశంలో పనిచేసేవాళ్ళలో వ్యవసాయం మీదున్నవాళ్ళు 2018-19లో 42.5 శాతం, 2023-24లో 46.1 శాతమని ప్రభుత్వ సర్వే లెక్క. కరోనాకి ఊళ్ళకి చేరారు, సరే, కరోనా పోయినా 2023-24 నాటికి ఆ లెక్క పాత చోటికి దిగలేదే!

నా గొడవల్లా మన ఊరివాళ్ళ సంఘంతోనే. ఏటా స్కాలర్‌షిప్పులిస్తాం, ఫొటోలు దిగుతాం, అన్నీ బీటెక్ పిల్లలకే. వాళ్ళకి బ్యాంకు అప్పైనా పుడుతుంది. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లోనైనా, భోగాపురం ఎయిర్‌పోర్టులోనైనా మోటారు ఆగితే విప్పి చూసే మనిషి కావాలి, ఏ రెండు బ్రేక్‌డౌన్లూ ఒకలా ఉండవు కాబట్టి ఆ పని కంప్యూటర్‌కి అంత తొందరగా లొంగదు. దానికీ బయటినుంచే మనుషులొస్తే, పక్క ఊరి కుర్రాడికి మిగిలేది సెక్యూరిటీ యూనిఫాం.

బావ కొడుకు ఇప్పుడు ఐటీఐ, ఎలక్ట్రీషియన్. “మావయ్యా, మీ స్కాలర్‌షిప్ ఫారంలో బ్రాంచి అన్నచోట ఏటి రాయమంటావు?” అని ఫోన్ చేశాడు. తీసి చూస్తే నాలుగే గళ్ళు, నాలుగూ ఇంజనీరింగే. ఐటీఐకి ఐదో గడి గీసి కమిటీకి పంపించాను, తిట్టుకుంటే తిట్టుకోండి.