సవరణ: ఫ్యాటీ లివర్‌కి చపాతీ

"రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటే ఫ్యాటీ లివర్ తగ్గుతుంది" అని మొన్న రాసిన వాక్యాన్ని ఇలా చదువుకోండి: అన్నమైనా చపాతీ అయినా, రాత్రి తినే మోతాదు తగ్గాలి. నూనె పోసి కాల్చిన నాలుగు చపాతీలు బంగాళాదుంప కుర్మాతో లాగిస్తే ఒరిగేదేమీ లేదు. లెక్కంతా బరువుది. లావుగా ఉన్నవాళ్లు బరువులో 5 శాతం, అంటే 80 కిలోల మనిషి 4 కిలోలు, మెల్లగా తగ్గినా లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. లివర్ వాపు కూడా తగ్గాలంటే బరువు 7 నుంచి 10 శాతం తగ్గాలి.

చేపల పులుసు మానాలా అని కావలి నుంచి ఒకరు అడిగారు. అక్కర్లేదండీ. పైన తేలే నూనె పక్కకి తీసి ముక్కలు వేసుకోండి; పులుసు బాగుందని మారు అన్నం మాత్రం వద్దు (మన నెల్లూరోళ్లకి అసలు కష్టం అక్కడే). కూల్‌డ్రింకులు, మద్యం సంగతి మొన్న రాసినట్టే, మానాల్సిందే.