పోలీసు కాల్పులు: మృతుల ఊరికి వెళ్లని మన మీడియా

2015 ఏప్రిల్ 7న రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పోలీసు తూటాలకు 25 మంది చనిపోయారు. తెల్లవారుజామున శేషాచలం అడవుల్లో 20 మంది తమిళ కూలీలు. అదే రోజు ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న పోలీసు వ్యాన్‌లో ఐదుగురు విచారణ ఖైదీలు. కేసుల సంగతి కోర్టులు చూసుకుంటాయి. ఆ వారం మన పత్రికలు, చానళ్లు చేసిన పని గురించి మాత్రం మనమే మాట్లాడుకోవాలి. ఆ పద్ధతి ఈ రోజుకీ మారలేదు.

శేషాచలంలో ఎర్రచందనం స్మగ్లర్లు రాళ్లతో, గొడ్డళ్లతో దాడికి దిగారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం అన్నారు పోలీసులు. అది ఒక పక్షం చెప్పిన మాట. మన చానళ్లలో చాలా వరకు అదే జరిగిన కథగా నడిచిపోయింది. చనిపోయినవాళ్ల పేర్లు కూడా తెలియకముందే వాళ్లు దొంగలని స్క్రోలింగ్‌లో తేలిపోయింది.

చనిపోయినవాళ్లలో ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి వంటి జిల్లాలవాళ్లు. జవ్వాదు కొండల ఆదివాసులూ ఉన్నారు. తిరుపతి నుంచి తిరువణ్ణామలైకి నాలుగైదు గంటల ప్రయాణం. ఆ ఊళ్లకు వెళ్లి ఉంటే ఒక బస్సు సంగతి బయటపడేది. ఆ కూలీలతో కలిసి బయలుదేరి ప్రాణాలతో మిగిలిన ఒకతను తర్వాత జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు చెప్పింది ఇదీ: ఆంధ్రా వైపు వస్తున్న బస్సులోంచి పోలీసులు తనవాళ్లను దింపేశారు. తను ఒక మహిళ పక్క సీట్లో కూర్చుని ఉండటంతో ఆమె తాలూకు మనిషి అనుకుని వదిలేశారు. ఈ సాక్ష్యం నిజమో కాదో విచారణలో తేలాలి. కానీ ఒక విలేకరికి ఇంతకంటే పెద్ద వార్త ఏముంటుంది? బస్సులోంచి దించిన మనిషి తెల్లారేసరికి అడవిలో దుంగల పక్కన శవమై ఎలా తేలాడు? ఆ ప్రశ్నను ముందుగా పట్టుకున్నది తమిళ మీడియా, హక్కుల సంఘాలు. ఘటన జరిగిన జిల్లాలోనే ఎడిషన్లు నడిపే మన సంస్థలు కాదు.

తమిళనాడులో జనం రోడ్డెక్కారు. అప్పటి ముఖ్యమంత్రి పన్నీర్‌సెల్వం చంద్రబాబుకు లేఖ రాశారు. కొన్ని కుటుంబాలు మళ్లీ పోస్ట్‌మార్టం చేస్తేగానీ అంత్యక్రియలు జరపమని శవాలతో ఎదురుచూశాయి, దాని కోసం కోర్టుకెక్కాయి. ఈ నిరసన మన దగ్గర వార్తగా ఎలా వచ్చింది? సరిహద్దులో టెన్షన్, తమిళనాడుకు నిలిచిన బస్సులు, ప్రయాణికుల ఇబ్బందులు. జనం ఎందుకు కోపంగా ఉన్నారన్న సంగతి ట్రాఫిక్ వార్త కింద పడి కనిపించకుండా పోయింది. ఆలేరు విషయంలోనూ అంతే. బేడీలతోనే సీట్లలో పడి ఉన్న శవాల ఫొటోలు దేశమంతా చూసింది. ఆ బేడీల గురించి అడిగినవాళ్ల కంటే పాతబస్తీ బందోబస్తుకే ఎక్కువ చోటు దక్కింది.

పోలీసుల పక్షాన చెప్పేదీ ఉంది. 2013 డిసెంబర్‌లో ఇదే శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారుల్ని దారుణంగా చంపారు. 2015 ఏప్రిల్ మొదటి వారంలోనే సూర్యాపేట బస్టాండులో పోలీసుల్ని కాల్చి చంపారు. ఆ కోపం, ఆ భయం నిజమైనవే. కానీ చెట్టు కొట్టే కూలీకీ, విదేశాలకు ఎర్రచందనం పంపి కోట్లు గడించేవాడికీ తేడా చూపించకపోతే, చనిపోయిన ఆ అధికారులకూ న్యాయం చేసినట్టు కాదు.

తర్వాత దిశ కేసు వచ్చింది. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద జనం పూలు చల్లుతుంటే చానళ్లు గంటల తరబడి లైవ్ ఇచ్చాయి. గుడిగండ్లలో ఆ నిందితుల కుటుంబసభ్యులు రోడ్డు మీద కూర్చుంటే ఆ స్థాయి లైవ్ లేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటకు వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని అందులో ఉంది. నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కూడా ఉంది. పూల లైవ్‌కు ఇచ్చిన సమయంలో పదో వంతైనా ఈ నివేదికకు ఇచ్చారా?

దీనికి విలేకరుల్ని తిట్టి ఊరుకోవడం అన్యాయం. అసలు జబ్బు యాజమాన్యాల దగ్గర ఉంది. మండలంలో పనిచేసే కంట్రిబ్యూటర్‌కు చాలా సంస్థల్లో జీతం లేదు. వస్తే లైన్ అకౌంట్ డబ్బులు, అంటే అచ్చయిన వార్త లెక్కన ఇచ్చేవి, అవి పెట్రోలుకూ చాలవు. పైగా యాడ్ టార్గెట్ అతని నెత్తినే ఉంటుంది. విలేకరికి ప్రభుత్వ గుర్తింపునిచ్చే అక్రిడిటేషన్ కార్డు ఇచ్చే జిల్లా కమిటీకి అధ్యక్షుడు కలెక్టర్. రోజువారీ క్రైమ్ వార్తలు వచ్చేది పోలీసుల వాట్సాప్ గ్రూప్ నుంచి. ఎస్సైకి కోపమొస్తే ఆ గ్రూప్‌లోంచి తీసేస్తారు, మర్నాటి నుంచి అతని దగ్గర వార్తే ఉండదు. ఇలా బతుకుతున్న మనిషిని పోలీసు మాట మీద ప్రశ్న వేయమంటే ఎలా వేస్తాడు? వేసి ఇబ్బందుల్లో పడితే అతని వెనక నిలబడే యాజమాన్యాలు ఎన్ని? జీతం లేని విలేకరితో నడిచే పత్రిక, ఎంత పెద్దదైనా, కాల్పుల రోజున పోలీసు ప్రకటన మీదే ఆధారపడుతుంది. జిల్లా పేజీల మీద ప్రకటనల ఆదాయం గడించే సంస్థలు ఆ డబ్బులో విలేకరి వాటా ఎంతో ముందు చెప్పాలి.

అడగాల్సిన ప్రశ్నల్ని కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు పోలీసు కాల్పుల మరణాల మీద 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ నమోదైందా? దర్యాప్తు సీఐడీకో, వేరే స్టేషన్ బృందానికో అప్పగించారా? మెజిస్టీరియల్ విచారణ మొదలైందా? కుటుంబానికి కబురు పంపారా? కాల్చినవాళ్లకు అప్పుడే పతకాలు, ప్రమోషన్లు ప్రకటించారా? మొదటి ప్రెస్‌మీట్‌లోనే ఎస్పీని ఈ ఐదూ అడిగి, వచ్చిన జవాబును, రాకపోతే రాలేదన్న సంగతిని, అచ్చు వేయాలి. అదే రోజు ఇంకో విలేకరిని, జీతమూ దారి ఖర్చులూ ఇచ్చి, చనిపోయినవాళ్ల ఊరికి పంపాలి.