జీతం తప్ప అన్నీ అవసరాలే

ఏటా ఏప్రిల్ నెల రాగానే ఉద్యోగుల్లో ఒక జాడ్యం ప్రబలుతుంది. ఈసారి జీతం ఎంత పెరుగుతుందని ఒకరినొకరు అడగడం దాని తొలి లక్షణం. మాదాపూర్‌లో నేను కొలువు చేస్తున్న సంస్థ ఈ ఏడాది ఆ జాడ్యానికి శాస్త్రీయమైన చికిత్స చేయ సంకల్పించి, బెంగళూరు నుంచి ఒక మోటివేషన్ శిక్షకురాలిని రప్పించింది. శుక్రవారం నాడు భోజనాలైన వెంటనే, కళ్లు మూతలు పడే వేళ, ఆమె తెర మీద అయిదంతస్తుల త్రిభుజాన్ని చూపించి, అడుగున తిండీ నీడా, ఆపైన భద్రత, ఆపైన అనుబంధం, గౌరవం, శిఖరాన ఆత్మసాఫల్యం, అంటే తనలోని శక్తిని పూర్తిగా పండించుకోవడం, ఉన్నాయనీ, ఇన్నేళ్లు వచ్చినా మేమంతా ఇంకా అడుగు మెట్టునే పట్టుకుని వేలాడుతుండడం తనను బాధిస్తున్నదనీ అన్నారు. మూడు శాతం ఇంక్రిమెంటు, ఒక ప్రశంసాపత్రం, కంపెనీ గుర్తు ముద్రించిన మంచినీళ్ల సీసా అప్పటికే అందుకుని ఉన్న నేను సిగ్గుతో తల దించుకున్నాను. అటుపైన ఈ శాస్త్రాన్ని ఓపిగ్గా చదివి, యాజమాన్యం వైపే న్యాయమున్నదని రుజువు చేయడానికి ఈ వ్యాసానికి పూనుకున్నాను.

ఈ మెట్ల సిద్ధాంతాన్ని అబ్రహం మాస్లో అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1943లో ఒక వ్యాసంలో ప్రకటించాడు. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన ముసలమ్మలు ఏనాడో తేల్చిన విషయమే అయినా, వాళ్లకు పత్రికలో అచ్చు వేయించుకునే సదుపాయం లేకపోయింది. మన దగ్గర దీన్ని అవసరాల అనుక్రమణిక అనే పేరుతో డీఎస్సీ అభ్యర్థులు కంఠస్థం చేస్తారు. అవనిగడ్డ అద్దె గదుల్లో నలుగురేసి పడుకుని, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియక, మెస్సు బాకీ లెక్కపెట్టుకుంటూ, ఆత్మసాఫల్యానికే పాఠ్యపుస్తకాల పేరైన ఆత్మ ప్రస్తావన అవసరాలను వల్లె వేసే ఆ పిల్లల కంటే ఈ సిద్ధాంతాన్ని లోతుగా అర్థం చేసుకున్నవారు హార్వర్డులో కూడా ఉండరని నా నమ్మకం.

అయితే నా పరిశోధనలో ఒక అపశ్రుతి దొర్లింది. 1943 నాటి వ్యాసంలో మాస్లో త్రిభుజమేదీ గీయలేదు. దాన్ని 1960లో చార్లెస్ మెక్‌డర్మిడ్ అనే కన్సల్టింగ్ సైకాలజిస్టు ఒక వ్యాపార పత్రికలో గీశాడు. ఆ వ్యాసం శీర్షికకు అర్థం ఏమిటయ్యా అంటే, డబ్బు మనుషులకు ప్రేరణ ఎలా ఇస్తుంది అని! డబ్బు ఊసెత్తవద్దని చెప్పడానికి మా శిక్షకురాలు ఏ బొమ్మను తెర మీదికి ఎక్కించారో, ఆ బొమ్మ పుట్టిందే డబ్బు గురించిన వ్యాసంలో అన్నమాట. ఈ సంగతి మా హెచ్ఆర్ విభాగం చెవిన వేయకుండా దాచిపెట్టడం సంస్థ పట్ల నా విధేయతకు నిదర్శనంగా భావించగలరు.

ఇక మరో అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ మహాశయుడి దగ్గరికి వస్తే మనసు కుదుటపడుతుంది. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు రెండు వందల మంది ఇంజనీర్లనూ అకౌంటెంట్లనూ విచారించి, 1959లో వెలువరించిన గ్రంథంలో ఆయన జీతాన్ని హైజీన్, అంటే పరిశుభ్రత, అనే కోవలో చేర్చాడు. మురుగుకాలువ బాగుచేస్తే జ్వరాలు రాకపోవచ్చు గానీ, ఎవరికీ కొత్తగా కండ పట్టదు కదా, జీతమూ అంతే. ఈ పోలికను మా సంస్థ అక్షరాలా పాటిస్తూ, జీతాల పెంపుకూ మరుగుదొడ్ల నిర్వహణకూ దాదాపు ఒకే రకమైన శ్రద్ధను కేటాయించింది. జీతం పెరిగినంత మాత్రాన సంతృప్తి పుట్టదన్న హెర్జ్‌బర్గ్ వాక్యాన్ని స్లైడు మీద పెద్ద అక్షరాల్లో వేశారు. తగ్గితే మాత్రం అసంతృప్తి ఖాయమన్న రెండో వాక్యానికి స్లైడులో చోటు చాలలేదు.

ప్రేరణ పుట్టాలంటే పనినే సుసంపన్నం చేయాలన్నది ఆయన మందు. ఆ మందు మాకు పుష్కలంగా పోశారు. కిందటి డిసెంబరులో మా బృందంలో ఇద్దరు మానేస్తే, వారి పనిని మిగిలిన ముగ్గురికీ పంచి, మా ఉద్యోగాలు సుసంపన్నమైనట్టు మేనేజరుగారు మెయిల్ పంపారు. పాత పని మీద కొత్త పని పేర్చడం సున్నాకు సున్నా కలపడం వంటిదనీ, రోజుకు పదివేల బోల్టులు బిగించేవాడి చేత ఇరవై వేలు బిగింపించడం సున్నాను సున్నాతో గుణించడమనీ హెర్జ్‌బర్గ్ 1968లోనే ఎకసెక్కం చేసిన మాట నిజమే. కానీ మా మేనేజరుగారికి గణితం మీద అంత పట్టు ఉండవలసిన అవసరం లేదు. మేం మూడు బోల్టులు బిగించి నాలుగోది మరిచిపోవడమే ఆయనకు ప్రస్తుతం తలనొప్పి.

షికాగో పక్కన సిసిరో పట్టణంలో, వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ వారి హాథోర్న్ కర్మాగారంలో 1924 నుంచి సాగిన ప్రయోగాలను కూడా శిక్షకురాలు ఉటంకించారు. దీపాల వెలుగు పెంచితే పని పెరిగిందట, తగ్గించినా పెరిగిందట. మమ్మల్ని ఎవరో పట్టించుకుంటున్నారన్న సంబరమే దానికి కారణమని పండితుల తీర్మానం. ఆ మాట వినగానే మా ఫ్లోరులో సాయంత్రం ఆరు దాటాక ఏసీ ఎందుకు ఆపేస్తారో నాకు బోధపడింది. అయితే 1927లో విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి పరిశీలించిన ఆరుగురు యువతులకు, కూలి లెక్కించే పద్ధతిని కూడా వారికి లాభించేలా మార్చారనీ, కబుర్లు ఎక్కువయ్యాయని వారిలో ఇద్దరిని మధ్యలోనే మార్చేశారనీ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ డబ్బు అనేది ఎంత చెడ్డదో చూడండి. తలుపేసి తరిమినా కిటికీలోంచి దూరుతుంది.

మన తెలుగు నేలకూ ఈ శాస్త్రంలో గౌరవప్రదమైన స్థానమున్నది. హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ మెక్లీలాండ్, 1960 దశకం మధ్యలో కాకినాడ వ్యాపారులను కొందరిని హైదరాబాదులోని సీట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు, అంటే ఇప్పుడు యూసుఫ్‌గూడలో ని-ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్నదానికి, రప్పించి, సుమారు పది రోజులపాటు సాధనాకాంక్షలో, అంటే ఏదైనా సాధించాలన్న తపనలో, శిక్షణ ఇప్పించాడు. వాళ్లు ఊరికి తిరిగి వెళ్లి, శిక్షణ లేనివారి కంటే చురుగ్గా వ్యాపారాలు విస్తరించారని ఆయన, డేవిడ్ వింటర్ కలిసి 1969లో పుస్తకం రాశారు. సంప్రదాయ విశ్వాసాలు దీనికి అడ్డు రాలేదని కూడా తేల్చారు. కాకినాడ వాళ్లకు చేతనైనది మీకెందుకు చేతకాదని శిక్షకురాలు అడిగినప్పుడు, కోటయ్య కాజా తిని పెరిగిన మా సహోద్యోగి ఒకాయన లేచి నిలబడి, వాళ్లు పెంచుకున్నది వాళ్ల గల్లాపెట్టెలేనండీ, అన్నాడు. ఇలాంటి సంకుచిత దృష్టి వల్లనే ఆయనకు ఈసారి రెండు శాతమే దక్కింది.

ఇదే మెక్లీలాండ్ కొయ్యకు రింగులు విసిరే ఆట ఆడించి, సాధనాకాంక్ష ఉన్నవాళ్లు మరీ దగ్గరా మరీ దూరమూ కాకుండా, కష్టపడితే అందేటంత దూరంలో నిలబడతారని గమనించాడు. మా దగ్గరా ఆ ఆటే నడుస్తున్నది. కాకపోతే రింగు చేతిలోంచి జారాక కొయ్యను జరుపుతారు. దాన్ని తదుపరి త్రైమాసిక లక్ష్యం అంటారు. పోనీ రాత్రిపూట మరోచోట నాలుగు రింగులు విసురుకుని నాలుగు రాళ్లు వెనకేసుకుందామంటే, మూన్‌లైటింగ్ నేరమని నోటీసు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెతను మా చట్టవిభాగం పదకొండు పేజీల ఇంగ్లీషులో చాలా గంభీరంగా రాసింది.

శిక్షకురాలి గురించి ఒక మాట మిగిలింది. ఆనాటి ఉపన్యాసానికి జీఎస్టీతో కలిపి ఆమె పంపిన బిల్లు నాలుగు నెలలుగా అకౌంట్స్ విభాగంలో ఉన్నది. మూడుసార్లు ఫోన్ చేసి, రెండు మెయిళ్లు పంపి, ఇక మీదట ముందుగా సొమ్ము జమ చేయనిదే రాలేనని ఆమె కొంచెం కటువుగానే రాశారట. అంత చదువుకున్న మనిషి ఇంకా అడుగు మెట్టు మీదే ఉండిపోయారే అని మా హెచ్ఆర్ వారు నొచ్చుకుని, ఫ్రేము కట్టించిన ప్రశంసాపత్రం ఒకటి ఆమె చిరునామాకు కొరియర్ చేయించారు.