ఇంటి తోడులో ఏముందో తార్నాక తేల్చాలి

తోడు కోసం గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు తట్టేవాళ్లు హైదరాబాద్‌లో ఇప్పుడెంతమంది? రాత్రి పదింటికి కూడా ప్యాకెట్ పెరుగు దొరుకుతుంది. సౌకర్యమే, కాదనను. కానీ ఆ ప్యాకెట్లలో సాధారణంగా ఉండేది కంపెనీ ఏరుకున్న కొద్ది రకాల బ్యాక్టీరియానే. తరాలుగా చేతులు మారుతూ వచ్చిన ఇంటి తోడు మాత్రం ఒకసారి పోతే మళ్లీ రాదు. అందులో ఏ బ్యాక్టీరియా ఉన్నాయో రాసిపెట్టుకోకుండానే పోగొట్టుకుంటున్నాం.

ఇంటి తోడులో పనికిరాని క్రిములూ ఉంటాయి, ఫ్యాక్టరీ కల్చరే భద్రం అంటారు కొందరు. నిజమే. ఏది మంచిదో ఏది కాదో తేల్చడానికే కదా గుర్తించమంటున్నది!

ఒకింటి పెరుగు గరిటెతో ఎత్తితే తీగలా సాగుతుంది. అదే పాలవాడి పాలతో పక్కింట్లో తోడుకున్నది గడ్డలుగా విరుగుతుంది. ఆ సాగుడు కొన్ని లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా వదిలే చక్కెర గొలుసుల పని. ఆ బ్యాక్టీరియాను పట్టుకోవడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. పెరుగును పలుచన చేసి ఎంఆర్ఎస్ అగార్ అనే జెల్లీ లాంటి మేత మీద పెంచి, విడివిడిగా లేచిన కాలనీలను ఏరాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే నురగ రాకూడదు, వస్తే అది మనం వెతికే లాక్టిక్ రకం కాదన్నమాట. ఆ తర్వాత బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువు, సుమారు 1,500 డీఎన్ఏ అక్షరాలు చదవాలి. చాలా థీసిస్‌లు ఇక్కడే ఆగిపోతాయి, నా కోపం దాని మీదే. కేసీ, ప్యారాకేసీ అనే జాతుల్లాంటి దగ్గరి చుట్టాలను 16ఎస్ తేల్చి చెప్పలేదు. ఒకే జాతిలో కూడా ఒకటి తీగ సాగిస్తుంది, ఇంకొకటి సాగించదు. 2020లో ఈ బ్యాక్టీరియా చాలావాటిని కలిపి ఉంచిన పాత లాక్టోబాసిల్లస్ ప్రజాతినే 25 ప్రజాతులుగా విడగొట్టారు, జీనోమ్‌లు, అంటే మొత్తం డీఎన్ఏ చూసే. మనమూ పూర్తి జీనోమ్ దాకా వెళ్లాలి, ఆ బ్యాక్టీరియాను మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి.

జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, లాలాపేట విజయ డెయిరీ అన్నీ హైదరాబాద్‌లోని తార్నాక చుట్టుపక్కలే ఉన్నాయి. ఇంకేం కావాలి?

బల్గేరియాను చూడండి. 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ తమ పెరుగులోని బ్యాక్టీరియాను గుర్తించాడు. ఇవాళ అక్కడి ప్రభుత్వ సంస్థ జపాన్ కంపెనీకి కల్చర్‌ను లైసెన్స్ మీద ఇస్తోంది. మన 2002 జీవవైవిధ్య చట్టం కిందికీ సూక్ష్మజీవులు వస్తాయి. రికార్డే లేని తోడు మీద రేపు ఎవరో పేటెంట్ తెస్తే మాత్రం మనదని ఏం చూపించి వాదిస్తాం? అందుకే శాంపిల్ తీసుకున్న రోజే రిజిస్టర్‌లో ఆ ఇల్లాలి పేరు, ఊరు రాయాలి. ఆ కల్చర్‌తో కంపెనీ డబ్బు చేసుకుంటే అందులో ఆమెకూ వాటా ఇవ్వాలి.