మాది అరవ తెలుగంట!

ఇప్పుడే ఇంటికొచ్చాను. కాళ్లనిండా దోమకాట్లు, కడుపులో మంట. దోమలు నయం, కుట్టి పోతాయి. మా బావమరిది పక్కనే కూర్చుని మరీ కుడతాడు.

చెన్నైలో తెలుగు నాటకం ఆడటమే గగనం. అందులోనూ వేదం వెంకటరాయశాస్త్రి గారి ‘ప్రతాపరుద్రీయం’! 1897 నాటిది. పేరు చెబితే అందరూ తలూపుతారు, వేసేవాళ్లే లేరు. ఒక బడి ఆవరణలో ఆరుబయట వేదిక, ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యమధ్య లోకల్ రైలు కూత. అయితేనేం, ఓరుగల్లు రాజు ప్రతాపరుద్రుడి మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వీధిలో నిలబడి సుల్తాన్ని పట్టుకుపోతానని అరుస్తుంటే నా ఒళ్లు ఝల్లుమంది. ఉన్నమాటే అరుస్తున్నాడు, పిచ్చోడని జనం నవ్వుతున్నారు! 1323లో ఓరుగల్లు పడిపోయిందని నాకూ తెలుసులెండి. ఈ ఒక్క రాత్రి మన మంత్రి గెలిస్తే ఎవడి సొమ్ము పోయింది?

సరిగ్గా అప్పుడే, పొద్దున హైదరాబాద్ నుంచి దిగిన మావాడు ఫోన్ వెలిగించి, "బావా, ఇది నాటకం కాదంట, అలంకారశాస్త్రమంట" అన్నాడు. ఓరి నాయనా, అది విద్యానాథుడు సంస్కృతంలో రాసిన ఇంకో ప్రతాపరుద్రీయం! ఎదురుగా మనుషులు వేషాలు కట్టుకుని ఆడుతుంటే నాటకం అవునో కాదో ఫోన్ చెప్పాలా?

పోనీలే అనుకున్నాను. ఇంతలో చాకలి పేరిగాడొచ్చాడు. అచ్చం రాజులా ఉంటాడని వాణ్ణి రాజుగా నిలబెడతారే, వాడు. నోరు విప్పాడో లేదో మావాడు పకపకా నవ్వి, "ఇదేం తెలుగు బావా, మీ అరవ తెలుగులా ఉంది!" ముందు వరసలో పెద్దావిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. వాణ్ణి కాదు, నన్ను! ఏ పాత్రకి తగిన మాట ఆ పాత్ర నోట పలకాలని రాజుకో భాష, చాకలికో భాష పెట్టిన మహానుభావుడు శాస్త్రిగారు. ఈ మదరాసులోనే క్రిస్టియన్ కాలేజీలో సంస్కృతం చెప్పిన మనిషి. అరవ ఊరే మరి!

అసలు వీళ్లకిది కొత్త కాదు. నా పెళ్లిలో, బంతి మధ్యలో, "సాంబారు ఎత్తుకుని రా" అన్నాను. అంతే. "ఎత్తుకుని రావడానికి చంటిపిల్లా?" అని మా అత్తగారి వైపు మొత్తం నవ్వింది. పద్దెనిమిదేళ్లయింది. ఇప్పటికీ పండక్కి వెళితే సాంబారు గిన్నె చూపించి మరీ నవ్వుతారు. వాళ్ల పిల్లలు మాత్రం "మమ్మీ, వాటర్ గివ్ చెయ్" అంటారు, అది ముద్దు. ‘చందమామ’ ఎక్కడ అచ్చయింది? తెలుగు సినిమా ఎన్నేళ్లు ఈ ఊళ్లో అన్నం తింది? అప్పుడు అరవం కనిపించలేదా?

మీలో ఎంతమంది చెన్నై అల్లుళ్లకి ఈ భోగం ఉందో చెప్పండి.

కొసమెరుపు వినండి. సగం నాటకం ఫోన్లోనే చూసినవాడు, ఇంటికొచ్చేలోపు స్టేటస్ పెట్టాడు: ‘చెన్నైలో అచ్చ తెలుగు నాటకం, ప్రౌడ్ మూమెంట్’. పక్కన నా ఫొటో, కళ్లు మూసుకుపోయి. తెల్లారి సెంట్రల్ స్టేషన్‌కి బండి మీద దింపాలట.

సూట్‌కేసు ఎత్తుకుని ఆటోలో పొమ్మన్నాను.